వాదనకు ముందు బిల్లు చదవాలి: కెనడా పార్లమెంటు ‘లెజిస్‌ఇన్ఫో’ సేవపై ఒక సమీక్ష

2025 నవంబరు చివరి వారంలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పౌరసత్వం మీద మొదలైన వాదన మూడు రోజులు తెగలేదు. టొరంటో చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవాళ్లం కలిసి పెట్టుకున్న గ్రూపు అది. ఎప్పుడో వచ్చి పౌరులైనవారు, పీఆర్ (శాశ్వత నివాస) కార్డు మీద ఉన్నవారు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, కొడుకుల దగ్గరికి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్లు, అందరూ అందులో ఉన్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు తయారుచేసిన పోస్టరును ఎవరో గ్రూపులో పెట్టారు. కెనడాలో మూడేళ్లు ఉంటే చాలు, పిల్లలు ఎక్కడ పుట్టినా పౌరసత్వం వస్తుందన్నది దాని సారాంశం. చదువుకునే పిల్లలు సంబరపడ్డారు. పాతవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. తాము ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగి సంపాదించుకున్నదాన్ని ప్రభుత్వం ఇప్పుడు ఊరికే పంచిపెడుతోందని పెద్దపెద్ద సందేశాలు రాశారు. మూడో రోజుకు వాదన పౌరసత్వాన్ని వదిలేసి, ఎవరు ఏ పార్టీకి ఓటేశారన్న దాకా పోయింది.

ఆ వాదనను తేల్చింది లెజిస్‌ఇన్ఫో. కెనడా పార్లమెంటు తన ముందుకు వచ్చే బిల్లుల వివరాలన్నీ ప్రజలకు అందించే సైటు ఇది. నేను దీన్ని రెండేళ్లుగా వాడుతున్నాను. కెనడా రాజకీయాల గురించి, ఇక్కడి సామాజిక సమస్యల గురించి ఆన్‌లైన్‌లో మాట్లాడే తెలుగువారు చాలామందికి ఇలాంటిదొకటి ఉందన్న సంగతే తెలియదని గమనించాను. అందుకే దీన్ని వివరంగా సమీక్షిస్తున్నాను.

దీనికి డబ్బు కట్టనక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. 1994 నుంచి, అంటే 35వ పార్లమెంటు నుంచి, హౌస్ ఆఫ్ కామన్స్‌లోనూ సెనేట్‌లోనూ ప్రవేశపెట్టిన బిల్లులన్నీ ఇందులో దొరుకుతాయి. ఒక్కో బిల్లుకు ఒక్కో పేజీ ఉంటుంది. దాన్ని ఎవరు ప్రవేశపెట్టారు, ఏ పఠనం, అంటే సభ బిల్లును చేపట్టే దశ, ఏ తేదీన జరిగింది, ఏ కమిటీకి వెళ్లింది, రికార్డు ఓటింగు జరిగితే ఎవరు ఎటు వేశారు, సభలో ఎవరు ఏం మాట్లాడారు అన్న వివరాలకు అక్కడి నుంచే దారి ఉంటుంది. ముఖ్యమైన బిల్లులకు పార్లమెంటు గ్రంథాలయంలోని పరిశోధకులు రాసిన శాసన సారాంశం కూడా జతచేస్తారు. ఆ సారాంశాన్ని ఏ పార్టీ తరఫునా వాదించకుండా, అర్థమయ్యే ఇంగ్లీషులో రాస్తారు. అసలు బిల్లు చదవడం కష్టమనుకునేవారు మొదట దాన్ని చదివితే సగం చిక్కు విడిపోతుంది.

మా గ్రూపులో గొడవంతా సి-3 అనే బిల్లు గురించి. పార్లమెంటు వ్యవహారం తెలియనివారు ఎక్కడ తడబడతారో ఈ బిల్లు బాగా చూపిస్తుంది. మాలో ఒంగోలు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం బోధించారు కాబట్టి గ్రూపులో అందరం ఆయన్ను మాస్టారనే పిలుస్తాం. ఆయన ఎంతో శ్రద్ధగా వెతికి, సి-3 ఇప్పుడు కొత్తగా వచ్చిందేమీ కాదని, 2021 డిసెంబరు 17నే దానికి రాజామోదం (బిల్లును చట్టం చేసే చివరి ఆమోదం) లభించి చట్టమైందని, ఆధారంతో సహా గ్రూపులో పెట్టారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 2021లో సి-3 అనే బిల్లు నిజంగానే చట్టమైంది. అయితే అది పౌరసత్వానికి సంబంధించింది కాదు. ఫెడరల్ పరిధిలోని ప్రైవేటు ఉద్యోగులకు ఏడాదికి 10 రోజుల పాటు జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఇవ్వడం, వైద్య సిబ్బందిని బెదిరించేవారిని శిక్షించడం దాని విషయాలు.

ఆ సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేసి, “ఏమ్మా, బిల్లు నెంబరు ఒకటే అయినప్పుడు బిల్లూ ఒకటే కావాలి కదా, రెండెలా అయ్యాయి?” అని అడిగారు. “మన అసెంబ్లీలో లాగానే ఇక్కడా సమావేశాల లెక్క ఉంటుంది మాస్టారూ, కొత్త సెషన్ మొదలైతే నెంబర్లు మళ్లీ ఒకటి నుంచి వస్తాయి. మీకు దొరికిన సి-3 44వ పార్లమెంటుది, మనం మాట్లాడుకునే సి-3 45వ పార్లమెంటుది,” అని చెప్పి, పేజీ అడ్రసు గడిలోకి చూడమన్నాను. లెజిస్‌ఇన్ఫో అడ్రసులో బిల్లు నెంబరుకు ముందు 44-1 అనో 45-1 అనో ఉంటుంది. మొదటి అంకె పార్లమెంటుది, రెండోది సెషన్‌ది. మాస్టారు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తను పెట్టిన సందేశాన్ని తనే తీసేసి, ఎందుకు తీసేశారో నాలుగు వాక్యాల్లో గ్రూపులో రాశారు. ఆ గ్రూపులో ఒక మనిషి తన మాటను తానే సరిదిద్దుకోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఈ నెంబర్ల తికమక మాస్టారు ఒక్కరిదే కాదు. సి-11 అనగానే ఆన్‌లైన్ ప్రసారాల చట్టమని చాలామంది అనుకుంటారు, 2023 ఏప్రిల్ 27న రాజామోదం పొందిన బిల్లు అది. కానీ దానికి ముందరి పార్లమెంటులో అదే సి-11 వ్యక్తిగత సమాచార గోప్యత మీద వచ్చిన మరో బిల్లు, చట్టం కాకుండానే ఆగిపోయింది. ఎవరైనా గ్రూపులో బిల్లు నెంబరు ఒక్కటే రాస్తే, ఏ పార్లమెంటు, ఏ సెషన్ అని అడగడం నేను అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

అసలు సంగతికి వస్తే, 2009లో కెనడా ఒక హద్దు పెట్టింది. కెనడా పౌరులకు విదేశంలో పుట్టిన పిల్లలకు పౌరసత్వం వస్తుంది కానీ, ఆ పిల్లలు కూడా పెద్దయ్యాక విదేశంలోనే బిడ్డను కంటే ఆ బిడ్డకు రాదు. ఈ ‘మొదటి తరం హద్దు’ రాజ్యాంగానికి విరుద్ధమని ఒంటారియో సుపీరియర్ కోర్టు 2023 డిసెంబరు 19న తీర్పిచ్చింది. దాన్ని సరిచేయడానికి 2024 మేలో సి-71 అనే బిల్లు వచ్చింది, 2025 జనవరి 6న పార్లమెంటు ప్రొరోగ్ కావడంతో, అంటే ఆ సెషన్ ముగించేయడంతో, అది మురిగిపోయింది. ఎన్నికల తర్వాత, 2025 జూన్‌లో అదే పని మళ్లీ సి-3 పేరుతో మొదలైంది. లెజిస్‌ఇన్ఫోలో ఈ రెండు పేజీలనూ ఒకదాని తర్వాత ఒకటి చదివితే, ఇది రాత్రికి రాత్రి ఎవరో తీసుకున్న నిర్ణయం కాదని, కోర్టు తీర్పు నుంచి రెండేళ్లు నడిచిన వ్యవహారమని స్పష్టమవుతుంది. ప్రభుత్వం ఊరికే పంచిపెడుతోందని కోపగించుకున్నవారికి నేను మొదట చూపించింది ఆ తేదీలనే.

అయితే ఈ సైటులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది బిల్లు పాఠాలను దశలవారీగా దాచి ఉంచడం. ప్రవేశపెట్టినప్పటి పాఠం, కమిటీ సవరించిన పాఠం, హౌస్ ఆమోదించిన పాఠం, రాజామోదం పొందిన పాఠం విడివిడిగా ఉంటాయి. మా గ్రూపులో ఇద్దరు స్నేహితులు ఒకరి మాట ఒకరు నమ్మకుండా రెండు రోజులు వాదించుకున్నారు. తల్లి గానీ తండ్రి గానీ 1,095 రోజులు కెనడాలో ఉండి ఉంటే చాలునని ఒకరు, ఆ రోజులన్నీ వరుసగా ఐదేళ్ల వ్యవధిలోనే ఉండాలని, భాషా పరీక్ష కూడా ఉందని రెండోవారు. ఇద్దరి చేతుల్లోనూ పార్లమెంటు కాగితమే ఉంది, ఇద్దరూ చదివే మాట్లాడారు. మొదటివారు ప్రవేశపెట్టినప్పటి పాఠాన్ని చదివారు. రెండోవారు కమిటీ సవరించిన పాఠాన్ని చదివారు. కమిటీలో ప్రతిపక్షాలు ఆ కఠిన షరతులను చేర్చిన మాట నిజమే, కానీ బిల్లు హౌస్‌కు తిరిగి వచ్చాక, కమిటీ మార్పులను సభ పరిశీలించే నివేదిక దశలో వాటిని తీసేశారు. చివరికి 2025 నవంబరు 20న రాజామోదం పొందిన పాఠంలో మిగిలింది మొత్తం 1,095 రోజుల షరతే. ఆ నాలుగు పాఠాలకూ నాలుగు లింకులు గ్రూపులో పెట్టాక ఆ ఇద్దరి మధ్య వాదన ఆగిపోయింది. అప్పటిదాకా ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని ఇద్దరూ మనసారా నమ్మారన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

పోస్టరు సంగతి కూడా ఆ పాఠంతోనే తేలింది. మూడేళ్ల షరతు కెనడాలో ఉండే ప్రతివారికీ సంబంధించింది కాదు. బిడ్డ పుట్టే నాటికి తల్లి గానీ తండ్రి గానీ కెనడా పౌరులై ఉండాలి. వారు విదేశంలో పుట్టి వారసత్వంగా పౌరసత్వం పొందినవారైతేనే ఈ రోజుల లెక్క వస్తుంది. గుంటూరులో పుట్టి, ఇక్కడికి వచ్చి, పౌరసత్వ ప్రమాణం చేసిన మనిషికి హైదరాబాదులో బిడ్డ పుడితే, ఆ బిడ్డ పాత చట్టం ప్రకారమే పౌరుడు. చిక్కు ఆ బిడ్డకు రేపు విదేశంలో పుట్టబోయే బిడ్డ గురించి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఈ లెక్కలో ఎక్కడా లేరు. పోస్టరు చూసి ఆ కన్సల్టెన్సీకి డబ్బు కట్టడానికి సిద్ధపడిన ఒక అమ్మాయి మా గ్రూపులోనే ఉంది, ఆమె ఆగింది. నా దృష్టిలో ఈ సైటు చేసిన మేలు అంతకంటే పెద్దది మరొకటి లేదు.

ఇంకో చిన్న మాట. రాజామోదం వచ్చినంత మాత్రాన చట్టం ఆ రోజే అమలులోకి వచ్చిందని అనుకోకూడదు. సి-3 అమలులోకి వచ్చింది 2025 డిసెంబరు 15న. బిల్లు చివర్లో అమలు తేదీ గురించిన నిబంధన ఉంటుంది, దాన్ని చూడకుండా “నేటి నుంచే” అని రాసేవారి వల్ల అనవసరమైన హడావుడి జరుగుతుంది.

ఇన్ని మంచి మాటలు రాశాను కాబట్టి, ఇది అందరికీ తేలికగా లొంగే సైటు కాదని కూడా చెప్పాలి. బిల్లు పాఠం ఎడమ వైపు ఒక వరుసలో ఇంగ్లీషు, కుడి వైపు ఫ్రెంచి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ తెరమీద దాన్ని పెద్దది చేసి పక్కకు జరుపుకుంటూ చదవడం పెద్దవాళ్ల కళ్లకు శ్రమ. సి-3 లాంటిది సవరణ బిల్లు కావడం వల్ల, ఫలానా చట్టంలో ఫలానా ఉపనిబంధన స్థానంలో ఈ మాటలు చేర్చాలి అన్న ధోరణిలో సాగుతుంది. అసలు పౌరసత్వ చట్టాన్ని పక్కన తెరిచి పెట్టుకుంటే తప్ప ఏ మాట ఎక్కడ పడుతుందో అర్థం కాదు. మన ఊళ్లో దస్తావేజు చదివించుకోవడానికి లేఖరి దగ్గరికి వెళ్లినట్టు, ఇక్కడా చదివి చెప్పేవారొకరు ఉంటే బాగుండుననిపిస్తుంది. అందుకే శాసన సారాంశం ముందు, బిల్లు తర్వాత చదవమని మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

సభలో జరిగిన చర్చల కోసం లెజిస్‌ఇన్ఫో మనల్ని హాన్సార్డ్‌కు, అంటే మాట పొల్లు పోకుండా రాసే సభా కార్యకలాపాల గ్రంథానికి, పంపిస్తుంది. గ్రూపుల్లో తిరిగే వీడియో ముక్కల్లో ఎక్కువ భాగం ప్రశ్నోత్తరాల సమయంలోవి. రోజూ జరిగే ఆ 45 నిమిషాల్లో ప్రశ్నకైనా జవాబుకైనా 35 సెకన్లే ఇస్తారు. ఆ 35 సెకన్లలో ఎవరైనా ఎదుటివారిని దెబ్బకొట్టగలరు తప్ప, ఏదైనా వివరంగా చెప్పలేరు. కాబట్టి ఆ ముక్కలు చూసి ఫలానా మంత్రి జవాబు చెప్పలేకపోయాడని తీర్మానించేవారిని, అదే బిల్లు మీద రెండో పఠనం చర్చనూ కమిటీ సాక్ష్యాలనూ చదవమని కోరుతున్నాను. కమిటీ ముందు న్యాయవాదులు, అధికారులు, ఆ చట్టం వల్ల నష్టపోయిన కుటుంబాలవారు వచ్చి మాట్లాడతారు, ఎంపీలు వారిని అడుగుతారు. పౌరసత్వం అనే మాట వెనక ఎవరి ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలిసింది ఆ పుటల్లోనే. టీవీ చర్చల్లో ఎన్నడూ దొరకనంత నిదానం ఆ సంభాషణల్లో ఉంటుంది.

హాన్సార్డ్‌లో వెతకడానికి నేను ఎక్కువగా వాడేది ఓపెన్‌పార్లమెంట్. అది ప్రభుత్వానిది కాదు, స్వచ్ఛందంగా 2010 నుంచి నడుస్తున్న సైటు. పార్లమెంటు ప్రచురించే సమాచారాన్నే తీసుకుని, చదవడానికి వీలుగా అమర్చుతుంది. మన పోస్టల్ కోడ్ ఇస్తే మన ఎంపీ పేజీ తెరుచుకుంటుంది, ఆయన మాట్లాడిన మాటలన్నీ వరుసగా వస్తాయి. ఏదైనా పదాన్ని ఇచ్చి, ఆ పదం సభలో వినిపించినప్పుడల్లా ఈమెయిలు వచ్చేలా పెట్టుకోవచ్చు. అధికారికమైన రుజువు కావలసినచోట పార్లమెంటు సైటు లింకే ఇవ్వాలి, వెతకడానికి మాత్రం ఇదే సుఖం.

ఓట్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. “మన ఎంపీ దీనికి ఓటేశాడు” అని రాసేముందు ఆ దశలో రికార్డు ఓటింగు జరిగిందో లేదో చూడాలి. సభ్యులు లేచి కోరితేనే పేర్లతో ఓట్లు నమోదవుతాయి. అలా కోరకుండా నోటి మాటతో దాటిపోయిన దశల్లో ఎవరి పేరూ ఉండదు. పేరు లేదు కాబట్టి మన ఎంపీ తప్పించుకున్నాడని అనడం న్యాయం కాదు.

ఇక ఈ సైటు పనికిరాని చోట్లు. తెలుగువారిని ఈ మధ్య అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన నిర్ణయం విద్యార్థుల పరిమితి. 2024 జనవరి 22న అప్పటి వలసల మంత్రి మార్క్ మిల్లర్ ఆ ఏడాదికి సుమారు 3,60,000 స్టడీ పర్మిట్లకే ఆమోదం ఉంటుందని, అది ముందరి ఏడాది కంటే 35 శాతం తక్కువని ప్రకటించారు. హైదరాబాదు, విజయవాడల్లో అడ్మిషన్ లెటర్లు చేతిలో పట్టుకుని కూర్చున్న పిల్లల ఇళ్లలో ఆ ఒక్క ప్రకటన ఎంత కల్లోలం తెచ్చిందో నాకు తెలిసిన కుటుంబాలే చెబుతాయి. లెజిస్‌ఇన్ఫోలో ఎంత వెతికినా అది దొరకదు, ఎందుకంటే అది బిల్లు కాదు. చట్టం మంత్రికి ముందే ఇచ్చిన అధికారంతో జారీ అయిన ఆదేశం. అలాంటివి కెనడా గెజిట్‌లోనూ వలసల శాఖ సైటులోనూ వెతకాలి. ఏ ఎంపీ దీనికి ఓటేశాడని మా గ్రూపులో జరిగిన వాదనకు అర్థం లేకపోయింది, దాని మీద హౌస్‌లో ఓటింగే జరగలేదు.

అలాగే ఆసుపత్రుల్లో నిరీక్షణ, బడులు, ఇంటి అద్దెల నియమాలు చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 91, 92, 93 సెక్షన్లు ఈ పంపకం చేశాయి. ఎమర్జెన్సీ గదిలో తొమ్మిది గంటలు కూర్చున్న కోపంతో ప్రధానమంత్రిని తిట్టేవారికి, ఆసుపత్రుల బాధ్యత క్వీన్స్‌పార్క్‌ది, అంటే ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వానిది అని, ఒంటారియో శాసనసభకు వేరే సైటు, వేరే హాన్సార్డ్ ఉన్నాయని చెప్పాలి. అక్కడి బిల్లుల నెంబర్లకు ముందు సి ఉండదు, అంకె ఒక్కటే ఉంటుంది. తెలంగాణ ఆసుపత్రి గురించి లోక్‌సభ సభ్యుణ్ణి నిలదీయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే అంటే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఈ సేవకు కెనడాలో ఇప్పుడు ఇంకో ప్రాధాన్యం కూడా వచ్చింది. ఆన్‌లైన్ వార్తల చట్టం, అంటే 44వ పార్లమెంటు సి-18, 2023 జూన్ 22న చట్టమయ్యాక, వార్తల లింకులకు డబ్బు చెల్లించడం ఇష్టంలేని మెటా ఆ ఆగస్టు 1 నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలను ఆపివేయడం మొదలుపెట్టింది. దాంతో పత్రిక లింకుకు బదులు స్క్రీన్‌షాట్లు, పోస్టర్లు, ఎవరో ఏదో చెప్పారన్న మాటలు తిరుగుతున్నాయి. పార్లమెంటు సైటు వార్తాసంస్థ కాదు కాబట్టి దాని లింకును అక్కడ కూడా నిరాటంకంగా పెట్టవచ్చు. నేను చేస్తున్నది అదే.

మాస్టారికి ఓటు హక్కు లేదు, ఆయన ఇంకా పౌరులు కాలేదు. వాదన ముగిసిన వారానికి, ఓటు లేనివాళ్లు ఏమీ చేయలేరా అని అడిగారు. హౌస్ ఆఫ్ కామన్స్ సైటులో ఈ-పిటిషన్ల విభాగం చూపించాను. దాని మీద సంతకం చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, కెనడా నివాసి అయితే చాలు. ఐదుగురు మద్దతుదారులు, ఒక ఎంపీ ఆమోదం ఉంటే పిటిషన్ తెరుచుకుంటుంది. 500 సంతకాలు దాటి, ఆ ఎంపీ దాన్ని సభ ముందు పెడితే, ప్రభుత్వం 45 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, తెరిచి ఉన్న పిటిషన్ల జాబితాను మొదటి నుంచి చివరిదాకా చదివారు. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ గురించి తనే ఒకటి రాయాలనుకుంటున్నానని చెప్పి, దానికి ఇంగ్లీషులో మొదటి వాక్యం ఎలా ఉండాలో ఆ రాత్రే ఒక కాగితం మీద రాసుకున్నారు. ఆ ఐదుగురు మద్దతుదారుల కోసం ఆయన ముందుగా అడిగింది, మూడు రోజుల పాటు తనతో వాదించినవారినే.